ప్రమాణం ఎవరి చేతిలో ఉంది?

నాదర్‌గుల్‌లో నేల లెక్క ఇప్పుడు గజాల్లో నడుస్తోంది. హైదరాబాదుకు ఆగ్నేయాన, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు దిక్కుగా వెళ్తే వచ్చే ఈ ఊరు 2016 దాకా సరూర్‌నగర్ మండలంలో ఉండేది. జిల్లాల పునర్విభజన తర్వాత బాలాపూర్ మండలంలోకి వచ్చింది. తరి, ఖుష్కి, చెల్క అని పిలిచిన పొలాలకు ఇప్పుడు ప్లాటు నంబర్లు పడ్డాయి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు అన్న లెక్క ఇక్కడ బడి మొహం చూడనివాళ్లకు కూడా నోటికి వచ్చు. గజం ఇంతయితే గుంట ఎంత, భూమి ఇచ్చినవాడికి అరవై పాళ్లు, లేఅవుట్ వేసేవాడికి నలభై పాళ్లు అయితే ఎవరి చేతికి ఎంత వస్తుంది అన్నవి ఈ ప్రాంతంలో రోజూ వినిపించే ప్రశ్నలు. బడిలో పిల్లలు నిష్పత్తి, అనుపాతం అన్న పేర్లతో చదివేది ఈ లెక్కనే. కానీ ఇది ప్లాట్లతో పుట్టిన లెక్క కాదు, బడితో వచ్చిందీ కాదు. కల్లంలో ధాన్యపు రాశి ముందు, షరాబు కొట్లో బంగారం ముందు, సర్కారు ఖజానాలో రూపాయల ముందు వందల ఏళ్లుగా నలిగిన లెక్క ఇది. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ లెక్కలో మనుషులు నష్టపోయింది గుణకార భాగహారాలు రాక కాదు. దేనితో పోల్చి లెక్క కట్టాలో ఆ ప్రమాణాన్ని నిర్ణయించే అధికారం తమ చేతిలో లేకపోవడం వల్ల. కాబట్టి అనుపాతం నేర్పడమంటే అన్నిటికంటే ముందు ప్రమాణాన్ని అడగడం నేర్పడం.

ముందుగా భాష ఇచ్చే సాక్ష్యం చూద్దాం. నిష్పత్తి సంస్కృతం నుంచి వచ్చిన బడి మాట. జనం నోట్లో ఉన్న మాట ‘పాలు’. సగపాలు, మూడోపాలు, నాలుగోపాలు అని పంటను పంచుకున్నారు. ఒకే ఆస్తిలో వాటా ఉన్న దాయాదులను పాలివాళ్లు అన్నారు, తెలంగాణ పల్లెల్లో వాళ్లే పాలోళ్లు. అంటే బంధుత్వాన్ని కూడా భిన్నాలతోనే చెప్పుకున్నాం. కష్టసుఖాల్లో పాలుపంచుకోవడం, నూటికి నూరుపాళ్లు నమ్మడం, వీసమెత్తు కూడా తేడా రాకపోవడం, ఇవన్నీ లెక్కలోంచి మాటల్లోకి దిగినవే. వీసమంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు ఉన్నన్నాళ్లూ పదహారు అన్న అంకె సంపూర్ణతకు గుర్తుగా నిలిచింది. అణాలు పోయి దశాబ్దాలు గడిచినా పదహారణాల తెలుగుదనం అంటూనే ఉన్నాం. మేలిమి బంగారాన్ని పదహారు వన్నెల బంగారమన్నదీ ఇలాంటి మాటే. అక్కడ వన్నె అంటే అందం కాదు, బంగారంలో మేలిమి ఎంతో చెప్పే కొలమానం. పాత గణిత గ్రంథాల్లోని ‘వర్ణం’ జనం నోట్లో వన్నె అయింది. వీటన్నిటిలోనూ ఒక క్రమం ఉంది. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగణాలు. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. తెలుగువాళ్లు భిన్నాలు రాయడానికి నాలుగు, పదహారు, అరవై నాలుగు అన్న వరసలో ప్రత్యేకమైన గుర్తులు వాడారు. 2008లో ఆ గుర్తులకు యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. నాలుగే ఎందుకన్నదానికి కారణం ఊహించడం కష్టం కాదు. రాశిని కంటితో చూసి సగం చేయొచ్చు, ఆ సగాన్ని మళ్లీ సగం చేయొచ్చు. అంకెలు రానివాళ్లు కూడా తమ కళ్లతో సరిచూసుకోగలిగిన భాగహారం అది.

నోటిమాట దగ్గర ఆగక పుస్తకాల దగ్గరికి వెళ్తే, మన దేశపు గణితంలో అనుపాతానికి త్రైరాశికమని పేరు. మూడు రాశులు తెలిసి ఉండగా నాలుగోదాన్ని రాబట్టే పద్ధతి అది. 499లో ఆర్యభటుడు దాన్ని సూత్రంగా చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు విడమరిచి చెప్పాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో త్రైరాశికానికి ఒక ప్రకరణమే ఉంది. వడ్డీలు, భాగస్థుల మధ్య పంపకాలు, బంగారం కల్తీ లెక్కలు మరో ప్రకరణంలో ఉన్నాయి. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లనది 11వ శతాబ్దమని కొందరు, 12వ శతాబ్దమని కొందరు పండితులు అంటారు. ఏదైనా, తెలుగులో శాస్త్ర గ్రంథాలు లెక్కతోనే మొదలయ్యాయన్నది మనం గర్వించదగ్గ సంగతి. తర్వాత ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని ప్రకీర్ణ గణితంగా తెనిగించాడు. ఈ సంప్రదాయం దేశం దాటి కూడా వెళ్లింది. అల్ బెరూనీ భారతీయుల రాశి లెక్కల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. యూరపు వర్తకులు ఇదే పద్ధతిని నెత్తిన పెట్టుకుని బంగారు సూత్రమని పిలుచుకున్నారు.

ఈ పుస్తకాల్లో మన వాదానికి కావలసింది సూత్రం కాదు, ఆ మూడు రాశులకు పెట్టిన పేర్లు. తెలిసిన కొలతకు ప్రమాణమని పేరు, దానికి వచ్చేదానికి ఫలమని పేరు, మనకు కావలసిన కొలతకు ఇచ్ఛ అని పేరు. నాలుగు కుంచాల బియ్యం పది రూపాయలైతే ఆరు కుంచాలు ఎంత అన్న లెక్కలో నాలుగు ప్రమాణం, పది ఫలం, ఆరు ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే పదిహేను. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివి కావాలన్నది ఇందులో మొదటి నియమం. కుంచాలకు కుంచాలే, అదీ ఒకే కుంచంతో కొలిచినవే. అంటే అంకెల్ని ముట్టుకోకముందే ఏది దేనికి ప్రమాణమో తేల్చుకోవాలి. తర్వాత రెండూ కలిసి పెరుగుతాయా, ఒకటి పెరిగితే మరొకటి తరుగుతుందా అన్నది చూసుకోవాలి. తరిగేదైతే అది వ్యస్త త్రైరాశికం, ఇప్పటి మాటలో విలోమానుపాతం. లీలావతిలో దానికి ఇచ్చిన ఒక లెక్క పల్లె జీవితానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఏడు ఆఢకాలు పట్టే పాత్రతో కొలిస్తే నూరు వచ్చిన ధాన్యం, ఐదు ఆఢకాలు పట్టే పాత్రతో కొలిస్తే ఎంత వస్తుంది? జవాబు 140. ధాన్యం గింజ కూడా పెరగలేదు, పాత్ర చిన్నదైంది, అంకె పెద్దదైంది. కొలపాత్రను మార్చగలిగినవాడు గింజను ముట్టుకోకుండానే లెక్కను మార్చగలడని ఈ చిన్న ఉదాహరణ చెబుతోంది.

ఇప్పుడు ఊరి కల్లంలోకి వద్దాం. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు. కాబట్టి పుట్టికి 80 కుంచాలు. పట్టికలో ఇది అంతటా ఒకటే. కానీ కుంచంలో ఎన్ని గింజలు పడతాయన్నది ఊరికొక తీరుగా ఉండేది. ఈ పరిస్థితిలో రైతు రెండు రకాల ఒప్పందాల్లో దేనికైనా ఒప్పుకోవాలి. పాలుకు చేస్తే పండినదాంట్లో సగం అతనిది, సగం భూమి గలవాడిది. ధాన్యపు కౌలుకు చేస్తే పంట ఎంతైనా ఏడాదికి పుట్టెడు కొలిచి పోయాలి. రెండోదానిలో భూమి గలవాడు నాలుగు మానికల కుంచానికి బదులు నాలుగున్నర మానికలు పట్టే కుంచం తెచ్చాడనుకుందాం. లెక్కలో 80 కుంచాలే ఉంటాయి, కాగితంలో పుట్టెడే ఉంటుంది, కానీ రైతు ఇంటి నుంచి 320 మానికలకు బదులు 360 మానికలు వెళ్లిపోతాయి. మొదటి ఒప్పందంలో ఈ మోసం సాగదు. రాశిని పెద్ద కుంచంతో కొలిచినా, చిన్న కుంచంతో కొలిచినా సగం సగమే, ఇద్దరి రాశులనూ ఒకే పాత్రతో కొలుస్తున్నంత కాలం. నిష్పత్తిలోని అసలు బలం ఇదే. రెండు పక్కలా ఒకే కొలత ఉంటే ఆ కొలత తనంతట తాను కొట్టుకుపోతుంది. బడిలో కొలమానాలు కొట్టివేసి రాయమంటారు, అది ఏదో రాత నియమమని పిల్లలు అనుకుంటారు. కల్లంలో ఆ కొట్టివేత పేదవాడికి రక్షణ. ధాన్యం అప్పు తీసుకుని ధాన్యంగానే వడ్డీ కట్టే నాగు పద్ధతిలో ఈ రక్షణ ఉండదు. ఇచ్చేటప్పటి కొలతా పుచ్చుకునేటప్పటి కొలతా ఒకటేనా అన్నది చూసుకునే అవకాశం అప్పుపడ్డవాడికి తక్కువ.

అలాగని పాలు పద్ధతి దోషం లేనిదని అనలేం. సగం అనగానే దేనిలో సగమన్న ప్రశ్న వస్తుంది. కల్లంలో రాశి పడగానే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరటికాడు వంటివాళ్లకు మేర తీసేవాళ్లు. ఏడాది పొడుగునా వాళ్లు చేసిన పనికి అది కూలి. రాశి నూరు తూములు, మేర పది తూములు అనుకుందాం. మేర మొత్తం రాశి మీద తీసి, మిగిలిన తొంభైని పంచితే ఇద్దరికీ నలభై ఐదేసి. ముందే రాశిని సగం చేసి, మేర రైతు రాశిలోంచి తీస్తే భూమి గలవాడికి యాభై, రైతుకు నలభై. రెండు చోట్లా చెప్పుకునే మాట సగపాలే. ఒక చోట అది ఒకటికి ఒకటి, మరో చోట ఐదుకు నాలుగు. గుణకారంలో ఎవరూ తప్పు చేయలేదు. ప్రమాణం మారింది, అంతే. ఇదే ప్రశ్న మంచికి పనికొచ్చిన సందర్భాలూ మన చరిత్రలో ఉన్నాయి. కాకతీయుల కాలం నుంచీ శాసనాల్లో కనిపించే దశబంధం అలాంటిది. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో పదో వంతు దక్కుతుంది. ఆయకట్టు పెరిగితే అతని వాటా పెరుగుతుంది, చెరువు పూడిపోయి ఆయకట్టు తగ్గితే అతనికీ తగ్గుతుంది. చెరువును కాపాడుకోవడం అతని సొంత అవసరమవుతుంది. ప్రమాణాన్ని సరిగ్గా ఎంచుకుంటే ఒక భిన్నం ఎంత పని చేయగలదో చూపడానికి తెలంగాణ చెరువుల కంటే మంచి ఉదాహరణ లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రమాణమే తలకిందులైంది. 1853లో హైదరాబాదు దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ ప్రవేశపెట్టి, రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, పంటలో పాలు పంచుకునే బటాయి స్థానంలో నగదు శిస్తును తెచ్చాడు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకా. 1949లో అది ప్రభుత్వంలో కలిసేదాకా అక్కడి పాలన వేరు, అయినా శిస్తు నగదుగా మారే గాలి అంతటా వీచింది. ఈ సంస్కరణలోని మంచిని తక్కువ చేయకూడదు. అంతకుముందు వసూళ్లు గుత్తకు పట్టినవాళ్ల చేతుల్లో ఉండేవి, రైతుకు తన బాధ్యత ఎంతో ముందుగా తెలిసేది కాదు. నగదు శిస్తు వచ్చాక ఎంత కట్టాలో అంకె తెలిసింది. కానీ అనుపాతం పోయింది. ఇరవై బస్తాలు పండే చేనులో సగపాలంటే పది బస్తాలు. వాన లేక ఎనిమిదే పండితే ఇవ్వాల్సింది నాలుగు, మిగిలేది నాలుగు. అదే చేనుకు మామూలు ధరలో ఆరు బస్తాల విలువ చేసే నగదు శిస్తు పెడితే, మంచి ఏడాది రైతుకు పద్నాలుగు మిగులుతాయి, అది లాభమే. కరువు ఏడాది ఎనిమిదిలో ఆరు పోయి రెండే మిగులుతాయి. పంట బాగా పండి ధర సగానికి పడిపోతే అదే శిస్తుకు పన్నెండు బస్తాలు అమ్ముకోవాలి. అంటే వాన ప్రమాదంతో పాటు బజారు ప్రమాదం కూడా రైతు నెత్తికి చుట్టుకుంది. పాలు అన్న మాటలో పంపకం ఒక్కటే లేదు, నష్టాన్ని కూడా పంచుకునే ఒప్పందం ఉంది. నగదు శిస్తు వాటాను స్థిరం చేసి నష్టాన్ని ఒకరికే వదిలింది. ఈ తేడా గుర్తించడానికి అనుపాతమంటే ఏమిటో తెలియాలి. ఒకటి మారినప్పుడు రెండోది దానితో పాటు మారాలి, మారకపోతే అది అనుపాతం కాదు.

శిస్తు నగదు అయ్యాక మరో చిక్కు. ఏ నగదు? హైదరాబాదు రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, దాన్ని హాలీ సిక్కా అన్నారు. ఇంగ్లీషు ఇలాకా రూపాయిని జనం కల్దారు అన్నారు. రెండింటి పేరూ రూపాయే, రెండింటికీ పదహారణాలే, కానీ విలువలు వేరు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అన్నది స్థిరపడిన లెక్క. అంటే నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఇక్కడి అంగట్లో బెజవాడ సరుకు, మద్రాసు సరుకు కొన్న ప్రతివాడూ ఈ త్రైరాశికం కట్టాల్సిందే. కల్దారులో ధర పెరిగిందా తగ్గిందా అన్నది హాలీ జీతగాడికి నేరుగా తెలిసేది కాదు, ఏడుతో గుణించి ఆరుతో భాగిస్తే గానీ. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిశాక, 1950లో ఏడుకు ఆరు లెక్క మీద రెండు నాణేలూ పక్కపక్కనే చెల్లాయి. 1951తో హాలీ ముద్రణ ఆగింది, కానీ 1959 దాకా అది చెల్లుబాటులోనే ఉంది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంపావు పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి పట్టికలో అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై ఐదు అని రాశారు. పదహారు సార్లు అణా సరుకు కొంటే 96 పైసలు, ఒక్కసారే రూపాయి సరుకు కొంటే 100. పట్టికలో అణాలతో పాటు పైసలు ఒకే లెక్కన పెరగలేదు. ఆ రెండేళ్లలో హాలీ పావలాను నయాపైసల్లోకి మార్చాలంటే పావు రూపాయిని ముందు ఆరుతో గుణించి ఏడుతో భాగించి, ఆ వచ్చినదాన్ని నూరుతో గుణించాలి. ఇరవై ఒక పైసల పైచిలుకు వస్తుంది. ఆ లెక్క కూరగాయలమ్మే మనిషి కూడా చేసింది. అనుపాతం చదువుకున్నవాళ్లకే సాధ్యమయ్యే విద్య అన్న మాటకు హైదరాబాదు బజారే జవాబు.

ఈ వాదానికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. మల్లన గానీ పెద్దన గానీ కల్లంలో కూర్చుని రాసినవాళ్లు కాదు. వాళ్ల పద్యాలు చదివింది అక్షరం వచ్చినవాళ్లు, ఆ కాలంలో అలాంటివాళ్లు కొద్దిమందే. పంటలో సగం, నాలుగో వంతు పంచుకోవడానికి త్రైరాశికం అక్కర్లేదు, కంటి కొలత చాలు. అలాంటప్పుడు గ్రంథాలను ఊరి చరిత్రకు సాక్ష్యంగా తేవడం సబబేనా అని అడగొచ్చు. గ్రంథాలు జనమంతా లెక్కలు నేర్చారని రుజువు చేయవు, ఆ మాట నేను అనను. లెక్క ఎవరి దగ్గర ఉందో అవి చూపిస్తాయి. ఊళ్లో త్రైరాశికం వచ్చినవాడు కరణం, పట్వారీ, షావుకారు. సగం చేయడం రైతుకు వచ్చు, కానీ సగం చేయడానికి ముందు రాశి ఎంత, దాంట్లోంచి ఏవి తీయాలి, ఏ కుంచం వాడాలి అన్న నిర్ణయాలు పుస్తకం పట్టుకున్నవాడివి. అందుకే పద్యాల్లోని ప్రమాణమన్న పేరుకీ, కల్లంలోని అధికారానికీ సంబంధం ఉందంటున్నాను. ప్రమాణమన్న మాటకు తెలుగులో కొలత, సాక్ష్యం, ఒట్టు అన్న మూడు అర్థాలూ ఉన్నాయి. కొలతను నిర్ణయించేవాడే సాక్ష్యం కూడా నిర్ణయిస్తే అవతలివాడికి ఒట్టు పెట్టుకోవడం తప్ప మిగిలేదేమీ లేదు.

రెండో అభ్యంతరం గణితం వైపు నుంచి వస్తుంది. పాత త్రైరాశికం కూడా బట్టీ సూత్రమే కదా, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమనడానికీ, ఇప్పటి పుస్తకంలో అంత్యముల లబ్ధం మధ్యముల లబ్ధానికి సమానమనడానికీ తేడా ఏమిటి? ఫలితంలో తేడా లేదు. ఇప్పటి పద్ధతి కొన్ని విధాల మెరుగైనదే. సమీకరణంగా రాస్తే నాలుగు రాశుల్లో ఏది తెలియకపోయినా కనుక్కోవచ్చు, తర్వాత బీజగణితంలోకి వెళ్లడం సులువు. పాత బడుల్లోనూ అర్థం తెలియకుండా వల్లెవేసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. కానీ ఒక విషయంలో పాత పద్ధతి మనకంటే జాగ్రత్తగా ఉంది. ప్రతి రాశికీ పనిని బట్టి పేరు పెట్టి, ఏది ఏ జాతిదో, అనులోమమా వ్యస్తమా తేల్చుకున్నాకే గుణించమంది. ఇప్పుడు నాలుగు అంకెలను రెండు భిన్నాలుగా పేర్చి అడ్డంగా గుణించే అలవాటు ముందు పడుతోంది, ఏది దేనికి అనుపాతంలో ఉందన్న ప్రశ్న తర్వాతి పాఠానికి వాయిదా పడుతోంది. అలా నేర్చిన పిల్లవాడు ఏడు ఆఢకాల పాత్ర లెక్కను కూడా అడ్డంగా గుణించి డెబ్బై ఒకటి పైచిలుకు అని ధైర్యంగా రాస్తాడు. చిన్న పాత్రతో కొలిస్తే అంకె పెరగాలి కదా అన్న అనుమానం అతనికి రాదు. తప్పు గుణకారంలో లేదు, గుణించడానికి ముందు ఆగకపోవడంలో ఉంది.

మూడో అభ్యంతరం కాలానికి సంబంధించింది. కుంచాలు పోయాయి, హాలీ పోయింది, తూకం కిలోల్లో, డబ్బు పైసల్లో, లెక్క ఫోన్‌లో ఉంది, ఇప్పుడీ ప్రమాణాల గొడవ ఎవరికి కావాలి? నాదర్‌గుల్ నేలే దీనికి జవాబు చెబుతుంది. ఒక ఎకరం భూమిని లేఅవుట్‌కు ఇచ్చారనుకుందాం. రోడ్లకు, పార్కుకు, వసతులకు నలభై పాళ్లు పోతాయనుకుంటే 4,840 గజాల్లో అమ్మకానికి మిగిలేది 2,904 గజాలు. భూమి గల కుటుంబానికి అరవై పాళ్లు అంటే ఈ 2,904లో అరవై పాళ్లు, 1,742 గజాల పైచిలుకు. తాము ఇచ్చిన ఎకరంతో పోలిస్తే అది నూటికి ముప్పై ఆరే. ఎకరంలోనే అరవై పాళ్లు వస్తాయని ఆ కుటుంబం అనుకుంటే, వాళ్లు ఆశపడేది 2,904 గజాలు, అంటే అమ్మకానికి ఉన్నదంతా. రెండు పక్షాలూ అరవై అన్న ఒకే అంకె పలికాయి, ఒకటి మొత్తం నేల మీద, మరొకటి ప్లాట్ల మీద. మేర ముందా తర్వాతా అన్న కల్లపు ప్రశ్నే రోడ్లు ముందా తర్వాతా అని తిరిగి వచ్చింది. అప్పుల్లోనూ ఇదే. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు, బ్యాంకు నూటికి పన్నెండు అంటుంది. రెండు చిన్నదిగా వినిపిస్తుంది. కానీ ఊరి మాటలో నెల అన్న ప్రమాణం దాగి ఉంది, బ్యాంకు మాటలో ఏడాది ఉంది. ఏడాదికి లెక్కిస్తే ఊరి వడ్డీ ఇరవై నాలుగు. పాతవాళ్లు వడ్డీని పంచరాశికంగా లెక్కించడానికి కారణం ఇదే. అసలు, కాలం, వడ్డీ మూడూ ప్రమాణంలో ఉంటేనే ఐదు రాశులూ కుదురుతాయి. ఐదు వేలకు ఏడు నెలలకు నూటికి నెలకు రెండు చొప్పున ఏడు వందలని వచ్చేది ఆ తర్వాతే. ఆ ప్లాట్లలో ఇల్లు కట్టే మేస్త్రీకి ఈ సూక్ష్మం చేతుల్లోనే ఉంది. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు అన్నప్పుడు అతను మూడింటికీ ఒకే గమేళా వాడతాడు. గమేళా పెద్దదా చిన్నదా అన్నది అక్కర్లేదు, మూడింటికీ అదే కావాలి. సిమెంటుకు ఒక గమేళా, కంకరకు మరో పెద్ద గమేళా వాడితే మాటలో పాళ్లు తప్పవు, స్లాబు తప్పుతుంది. ఫోన్ భాగహారం చేసిపెడుతుంది గానీ, గమేళా మారిందా అని అడగదు.

కాబట్టి బళ్లలో నిష్పత్తి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. లెక్క బోర్డు మీద వేసిన వెంటనే పిల్లలను జవాబు అడగకండి. ఇందులో ప్రమాణం ఏది, అది ఎవరు నిర్ణయించారు, రెండు పక్కలా అదే ఉందా, ఒకటి పెరిగితే రెండోది పెరగాలా తరగాలా అని ముందు అడగండి. తూములూ కుంచాలూ పిల్లలకు తెలియకపోవచ్చు, ఎకరమూ గజమూ తెలుసు, నూటికి రెండు వడ్డీ తెలుసు, ఇల్లు కట్టేచోట మాలు కలపడం చూసే ఉంటారు. ఆ ఊరి లెక్కలే పాఠంలోకి రావాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టబోయే కాగితంలో అరవై అన్న అంకె కనిపిస్తే, దేనిలో అరవై అని అడగగలిగిన పిల్ల ఆ ఇంట్లో ఒక్కతి ఉన్నా చాలు. గుణకారం ఎవరైనా చేసిపెడతారు. ప్రమాణాన్ని మాత్రం మనమే అడగాలి.